సున్నం కింద ధన్యవాదాలు

చెల్లాయీ! మన పిడుగుకి పార్లమెంటు టికెట్ వచ్చేసింది!

పైన ఎక్కడినుంచి రాస్తున్నానో వేయడం కూడా మర్చిపోయాను చూడు. ఎక్కడినుంచి రాస్తాను, పెయింటు కొట్టు మేడమీది ఈ గదిలోంచే. విరిగిన కాలు బల్ల మీద పెట్టి, అట్ట ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. చిరంజీవి చెల్లాయికి అన్నయ్య ఆశీస్సులు. క్షేమమా? క్షేమమే అయి ఉంటావు. ఇలాంటి రోజున క్షేమంగా లేనివాళ్ళు ఎవరుంటారు!

యూనియన్ మీటింగుందని నీకు చెప్పి బయల్దేరిందా? అది మీటింగు కాదమ్మా. పార్టీ పెద్ద ఆఫీసువాళ్ళే పిలిపించారట. పొద్దున బస్సు దిగి, ఆ కండక్టరు సంచీ భుజాన ఉండగానే మెట్లెక్కి వచ్చి, "నాన్నా, నన్ను నిలబెడుతున్నారు" అంది. నా చెవుల సంగతి తెలుసుగా, మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. వినపడినా మూడోసారి చెప్పించుకున్నాను. నేను పెట్టిన కేకకి కింద కొట్టాయన పరిగెత్తుకొచ్చాడు, మళ్ళీ నిచ్చెన మీంచి పడ్డాననుకుని!

ఇన్నేళ్ళూ ఊరందరికీ టికెట్లు కొట్టింది, ఇవాళ దానికే టికెట్ కొట్టారు. ఈ జోకు నాదే. పొద్దుటినుంచీ కనిపించినవాడికల్లా చెబుతున్నాను.

అన్నిటికంటే సంతోషం, సీటు మీ ఊరిదే. పరాయిచోటు కాదు. రైలుగేటు దాకా దాని బస్సెక్కని వాళ్ళెవరు? ఎప్పటినుంచో నీ ఇంట్లోనే తిని నీ ఇంట్లోనే పడుకుంటోంది, ఇంక లోటేముంది? జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ గోడలకెక్కించాను. ఈ కాలి కట్టు విప్పనీ, మన ఇంటిపేరు గోడంత అక్షరాలతో రాస్తాను. దూరం నుంచి చూస్తే చదవగలగాలి, దగ్గరకొస్తే తడమాలనిపించాలి.

పెద్ద బావకి కబురంపాను. "ఎక్కడ సీటు?" అన్నాట్ట. చెబితే నవ్వాట్ట. ఆయన నవ్వు మనకి కొత్తా!

నువ్వు మాత్రం ఫోను చేయకు. అరిచి అరిచి నీ గొంతు పోతుంది, వినపడక నా పరువు పోతుంది. వెంటనే ఉత్తరం రాయి. పిడుగు రేపటి బస్సుకి వస్తోంది, ఎదురెళ్ళి దిష్టి తియ్యి.

నీ అన్నయ్య


రైలుగేటు అవతల, కుట్టుమిషను గది

అన్నయ్యకు నమస్కారాలు.

చేతిలో పది జతల బడి యూనిఫారాలున్నాయి, పక్కన పడేసి రాస్తున్నాను. దిష్టి తియ్యమన్నావు. దిష్టి ఎవరిది తియ్యాలి అన్నయ్యా? బలివ్వడానికి తీసుకెళ్ళేదానికి దిష్టి తగులుతుందా?

మన పిల్లకి టికెట్ వచ్చిందని రాశావు. ఎక్కడ వచ్చిందో ఆలోచించావా? ఈ సీటు నేను కాపురానికి వచ్చిన నాటినుంచీ ఒక్క ఇంట్లోనే ఉంది. మొదట తాత, తర్వాత కొడుకు, ఇప్పుడు మనవడు. ముఖాలు మారతాయి గానీ కుర్చీ ఇల్లు మారదు. మన పార్టీ ప్రతిసారీ ఎవరో ఒకర్ని ఎదురుగా నిలబెడుతుంది, పోటీ ఉన్నట్టు కనపడాలి కదా. పోయినసారి పళ్ళ డాక్టరు. అంతకుముందు రిటైరైన లెక్చరరు. ఆయన రైలుగేటు దాటి ఇటు రానేలేదు, గేటు పడిందని వెనక్కి వెళ్ళిపోయాడు. ఇద్దరికీ డిపాజిట్ కూడా దక్కలేదు. ఇక్కడ నిలబడలేమని పెద్దవాళ్ళంతా తప్పుకుంటే, బస్సు కండక్టరు గుర్తొచ్చింది వాళ్ళకి!

పార్టీ ఆఫీసు పిల్లకో కాగితం ఇచ్చింది. నియోజకవర్గం స్వరూపమట. అందరికీ పంచేదే, దాపరికం ఏమీ లేదు. చదివి నా ఒళ్ళు మండిపోయింది. నువ్వూ విను.

గట్టుమీది ఇళ్ళు: పెన్షనుదార్లు, సొంత మేడలు, తప్పకుండా ఓటేస్తారు, పాతవాళ్ళకే. బజారు: వ్యాపారులు, గెలిచేవాడికే వేస్తారు. మిల్లు క్వార్టర్లు: మిల్లు మూతపడింది, ముసలివాళ్ళు మిగిలారు, అలవాటుగా పాతవాళ్ళకే. చివర మేము. "రైలుగేటు అవతల: అద్దె ఇళ్ళు, పొట్ట చేత్తో పట్టుకొచ్చినవాళ్ళు, చదువు తక్కువ, ఓటుకు రారు. సమయం వృథా చేయవద్దు."

నా ఇల్లు సొంతం. మీ బావ పోయినా వాయిదాలు నేనే కట్టాను. ఎనిమిది పాసయ్యాను. ఒక్క ఎన్నిక మానలేదు. ఒక్క ముక్కలో నా గురించి ఎన్ని అబద్ధాలు రాశారో చూశావా! పాతవాళ్ళ దగ్గరా ఇలాంటి కాగితమే ఉందట, అందులోనూ మా గురించి ఇదే మాట. రెండు పార్టీలూ కలిసి ఒప్పుకున్న సంగతి లోకంలో ఇదొక్కటేనేమో.

మేం తన జేబులోనే ఉన్నామని ఒకడనుకున్నాడు, చేజారామని ఇంకొకడనుకున్నాడు. అందుకే పట్టాల మీద వంతెనకని పోసిన స్తంభాలు అలాగే ఉన్నాయి. తాత పునాది వేశాడు, కొడుకు స్తంభాలు లేపాడు, మనవడు వాటికి రంగేయించాడు. మేం వాటికి తాళ్ళు కట్టి బట్టలారేసుకుంటున్నాం. గూడ్సు ఆగిందంటే పిల్లలు బడికి పెట్టెల కిందనుంచి దూరి వెళ్తున్నారు. నా మిషను పక్క కిటికీలోంచి రోజూ చూస్తాను, వాళ్ళు అవతల లేచి నిలబడేదాకా సూది కదలదు నాకు.

కోపం నీ మీద కాదు. నువ్వు అంత సంతోషంగా రాశావే, ఆ సంతోషం మీదొచ్చింది.

చెల్లాయి


పెయింటు కొట్టు మేడ

చెల్లాయికి,

శుభమా అని కబురు చెబితే ఎదురుగా తుమ్మినట్టు రాశావు. నీకు చిన్నప్పటినుంచీ ఇదే బుద్ధి. నేను గాలిపటం ఎగరేస్తే "తెగుతుంది చూడు, తెగుతుంది చూడు" అంటూ కింద కూర్చునేదానివి. తెగేది, నిజమే. కానీ తెగే ముందు ఎంత పైకెళ్ళిందో ఎప్పుడైనా తలెత్తి చూశావా?

ఇక్కడ వీధి వీధంతా నన్ను ఎంపీగారి నాన్న అంటున్నారు. కట్టు మార్చే కాంపౌండరు కూడా నన్ను లేచి పలకరించాడు. వాళ్ళందరికీ ఇప్పుడు వెళ్ళి ఏమని చెప్పను, మా అమ్మాయిని ఓడిపోవడానికి ఎంచుకున్నారనా? పార్టీ అంటే పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. ఏమీ చూడకుండానే ఇస్తారా? అది పిడుగు. బస్సులో తాగుబోతుల్ని దించిన పిల్ల. ఎవడి ఇంట్లోనో ఉన్న సీటుని దించలేదా?

నీ నోట మంచిమాట వచ్చేదాకా నేనింక రాయను.

అన్నయ్య

ఇంకోమాట. ఆ పళ్ళ డాక్టరుకి నిజంగానే డిపాజిట్ పోయిందా?


రైలుగేటు అవతల

అన్నయ్యకు,

పోయింది. నిజంగానే.

నువ్వు రాయకపోయినా నేను రాస్తున్నాను, ఎందుకంటే పిడుగు నీకు రాయదు. అన్నీ బాగున్నాయనే చెబుతుంది. రాజీనామా ఇచ్చేసింది, నీకు చెప్పిందా? పోటీ చేయాలంటే ఉద్యోగం వదలాలన్నారట, వదిలేసింది. "గెలవనని తెలుసత్తా. డిపాజిట్ దక్కితే చాలు. దక్కకపోతే ఇంకో పాతికేళ్ళు ఇటువైపు ఎవరూ రారు, ఆ కాగితం రాసినవాళ్ళదే నిజమవుతుంది" అంది. అన్నం ముందు కూర్చుని అంది. తర్వాత తిన్నది తక్కువే.

మన పార్టీ ఏం పంపిందో తెలుసా? ఒక మోపు పోస్టర్లు. విప్పి చూస్తే పళ్ళ డాక్టరు! ఒకటే నవ్వు ముఖం, పళ్ళన్నీ కనపడేలా. ఫోను చేస్తే, "వెనకవైపు తెల్లగా ఉందిగా, అటు రాసుకోండి" అన్నారు. నేనైతే ఆ మోపు తగలెట్టేదాన్ని. అది నవ్వి, తిరగేసి, కూర్చుని తన చేత్తోనే రాసుకుంది. అచ్చం నీ చెయ్యే. గుండ్రంగా, నిండుగా.

రోజూ స్తంభాల దగ్గర నిలబడుతోంది. ఉపన్యాసాలేం లేవు. "మీకేం కావాలి?" అనదు, తెలిసిందే కదా. "మిమ్మల్ని ఎవరైనా వచ్చి ఓటడిగారా ఎప్పుడైనా?" అంటుంది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. "అయితే నేను అడుగుతున్నాను" అంటుంది. గుడ్ల కొట్టు ముసలాయనకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒప్పుకోడు, ఉల్లిపాయల మీదకి నెట్టాడు. ఆయన కొట్లో ఉల్లిపాయలు లేవు.

నీ పనికి సంబంధించిన సంగతొకటి అడగాలి. మొన్న పాతవాళ్ళ మనుషులు పెయింటరుతో వచ్చి నా ప్రహరీ గోడ మీద రాయడం మొదలెట్టారు. "ఎవర్నడిగి రాస్తున్నారు?" అన్నాను. "అడిగేదేముందమ్మా, ఎప్పుడూ మనదేగా" అన్నాడు వాళ్ళలో ఒకడు. గోడ నాది, మనదట! సగం గోడ మీద "మీ ఓటు మాకే" అని రాశారు. రెండో సగానికి గోనెపట్టా అడ్డం కట్టి ఏదో రాయించారు. పట్టా తీసేసరికి తెల్లగా సున్నం కొట్టేసి ఉంది. తప్పు రాశావా అని పెయింటర్ని అడిగితే నవ్వాడు. మా వీధిలో గోడలన్నిటికీ ఇదే పని. రాయడమెందుకు, మూసేయడమెందుకు?

చెల్లాయి


పెయింటు కొట్టు మేడ

చెల్లాయీ,

అక్షరం వంకర పోతే అది కోపమని తెలుసుకో, వయసని కాదు.

ఆ సున్నం కింద ఏముందో చూడకుండానే చెప్పగలను. "మళ్ళీ గెలిపించినందుకు ధన్యవాదాలు." అదే ఉంటుంది.

ఫలితాలొచ్చిన తెల్లారికల్లా ఊళ్ళో గోడలన్నిటి మీదా ధన్యవాదాలు ఉండాలంటే ఒక్క పూటలో అంతమంది పెయింటర్లు దొరకరు. అందుకని ఓటడిగే రాతతో పాటే ధన్యవాదాలు కూడా ఆయిలు పెయింటుతో రాయించేసి, పైన పల్చగా సున్నం పూస్తారు. గెలిచాక నీళ్ళు కొడితే చాలు, రాత బయటికొస్తుంది. మా మేస్త్రీ చెబితే విన్నాను గానీ, మా ఊళ్ళో ఎవరూ ఈ పని చేయించలేదు. ఎలా చేయిస్తారు? మా దగ్గర ఎవడు గెలుస్తాడో చివరిదాకా ఎవడికీ తెలీదు. ఓడితే ఆ రాత ఏం చేసుకుంటాడు? ఈ పని నడిచేది ఒక్కచోటే, జనం ముఖం చూడక్కర్లేని చోట.

ఓటెయ్యకముందే ధన్యవాదాలా! అన్నం పెట్టకముందే చెయ్యి కడుక్కుని లేచినట్టు! నీ గోడ మీద, నిన్నడక్కుండా, నీ ఓటు తీసేసుకుని, నీకే కనపడకుండా నీకు కృతజ్ఞత చెప్పి, పైన సున్నం కొట్టి పోయారు. తిట్టినా ఇంత బాధుండేది కాదు. తిట్టేవాడు కనీసం మనిషున్నాడని తిడతాడు.

మన పార్టీ మాత్రం తక్కువ తిందా? నా కూతురికి పళ్ళ డాక్టరు వీపు ఇచ్చారు! వాళ్ళని చదువుకున్న పెద్దలని నీకు రాశాను. నువ్వు చెప్పిందే నిజం చెల్లాయీ. తెలుస్తూనే ఉంది, ఒప్పుకోలేక నీ మీద విరుచుకుపడ్డాను. నీ మనసు కష్టపెట్టుకోకు.

ఇప్పుడు విను. గోడ ఎవరిది? నీది. నీ గోడ నువ్వు కడుక్కోవడానికి ఎవడి అనుమతీ అక్కర్లేదు. ఆయిలు పెయింటు మీద పల్చని సున్నం పట్టుకోదు. బక్కెట్టు నీళ్ళు, ఒక గట్టి బ్రష్షు చాలు. పైనుంచి కిందికి తియ్యి, అడ్డంగా రుద్దకు. కింద రాసినవాడి పని చెడగొట్టకు, వాడు కూలికి రాశాడు, వాడి మీద మనకి కోపం లేదు. ఆ రాత నిండుగా, అందరూ చదివేలా బయటికి రావాలి.

పట్టపగలే కడుగు.

అన్నయ్య


రైలుగేటు అవతల

అన్నయ్యకు,

ఇప్పుడే ఓటేసి వచ్చాను, వేలికి సిరా ఇంకా ఆరలేదు. వరసగా చెబుతాను.

నీ ఉత్తరం చదివి బక్కెట్టు తీసుకుంటే పిడుగు అడ్డమొచ్చింది. "వద్దత్తా, గొడవకొస్తారు, నేను చేయించానంటారు." "నీ పార్టీతో నాకేం పనే? నా గోడకి దుమ్ము పట్టింది, కడుక్కుంటున్నాను" అన్నాను. పిల్లలు బడినుంచి వచ్చే వేళ చూసుకుని మొదలుపెట్టాను. నువ్వు చెప్పినట్టే, పైనుంచి కిందికి. మొదట ఒక కొమ్ము కనపడింది, తర్వాత సున్న, తర్వాత ఎర్రగా మొత్తం బయటపడింది.

"ఎప్పటిలాగే మమ్మల్ని గెలిపించిన రైలుగేటు ప్రజలకు ధన్యవాదాలు."

మిల్లు క్వార్టర్ల నుంచి నీళ్ళకొచ్చిన అవ్వ చదివించుకుంది. గుడ్ల కొట్టు ముసలాయన చేతిలో తట్ట దించి, "నేనింకా ఓటెయ్యలేదే. నా ఓటు ఎవడేశాడు?" అన్నాడు.

"నీ తరఫున నా గోడేసింది బాబాయ్" అన్నాను.

"ధన్యవాదాలు నేనేం చేసుకోను, వంతెనెయ్యమను" అంది అవ్వ.

అంతే అన్నయ్యా. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎదురింటి అమ్మాయి బక్కెట్టు తెచ్చుకుంది. తర్వాత పక్కింటివాళ్ళు. చీకటి పడే లోపల మా వీధి మొత్తం ధన్యవాదాలే! బజారు నుంచి కూడా జనం చూడ్డానికొచ్చారు. బజారువాళ్ళు ఇంటికెళ్ళి వాళ్ళ గోడలు కూడా కడుక్కున్నారు, వాళ్ళకీ అదే ఉంది.

పాతవాళ్ళ మనుషులు సున్నం డబ్బాలతో పరిగెత్తుకొచ్చారు. "అమ్మా, ఏదో పొరపాటు జరిగింది" అన్నాడు ఒకడు.

"ఏది బాబూ పొరపాటు? రాయడమా, కడగడమా?"

వాడు సున్నం డబ్బా మూత తీశాడు. బ్రష్షు గోడకి ఆనించబోతే, "ఈసారి నన్నడుగు" అన్నాను. ఏమనుకున్నాడో, అడిగాడు. "పూయమంటారా అమ్మా?" అని. నా గోడ గురించి ఎవరైనా నన్నడగడం అదే మొదటిసారి. "వద్దు" అన్నాను.

ఇవాళ ఓట్ల వరస బడిలోంచి మొదలై స్తంభాల దాకా వచ్చింది. మధ్యలో గూడ్సు ఆగింది. అవతల చిక్కుకున్నవాళ్ళు పెట్టెల కిందనుంచి దూరి వచ్చి మరీ నిలబడ్డారు. ముసలాయన కొట్టుకి తాళం వేశాడు. ఓటుకు రారట! ఆ కాగితం రాసినవాడెవడో వచ్చి ఈ వరసలో మా వెనకాల నిలబడాలి, ఎండలో.

గెలవదు అన్నయ్యా. గట్టుమీదివాళ్ళు చాలామంది. నువ్వు టీవీ ముందు ఆశగా కూర్చుంటావని ముందే చెబుతున్నాను. ఈసారి మాత్రం తెగుతుందని చెప్పడం లేదు. తలెత్తి చూశాను.

చెల్లాయి


ఓడిపోయింది చెల్లాయీ, మన పిడుగు ఓడిపోయింది! డిపాజిట్ దక్కింది!

మళ్ళీ ఊరు వేయడం మర్చిపోయాను. పోనీ, మేడమీదే ఉన్నాను. టీవీలో మాట వినపడకపోయినా కింద అక్షరాలు వెళ్తాయిగా, పళ్ళ డాక్టరుకొచ్చిన ఓట్లకి మనకి వచ్చిన ఓట్లకి పోలికే లేదు. "కంచుకోటకు బీట" అని వేశాడు. ఎంత అందమైన అక్షరాలనుకున్నావు! నేను వేసిన కేకకి కొట్టాయన ఈసారి పైకి రాలేదు, కిందనుంచే "గెలిచిందా?" అని నాకు వినపడేలా అరిచాడు. "లేదు!" అని నేను నవ్వుతూ అరిస్తే, ముసలాడికి మతి పోయిందనుకున్నాడు.

పిడుగు వచ్చి నా పక్కన కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను, అన్నం పెట్టమంది. రెండుసార్లు పెట్టించుకుంది. ఉద్యోగంలోకి మళ్ళీ తీసుకుంటారో లేదో తెలీదు. యూనియన్ వాళ్ళు అడుగుతున్నారట, చూద్దాం.

ఒళ్ళు మండే సంగతి కూడా ఒకటి చెప్పాలి. పెద్ద ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. దండేమైనా తెచ్చాడేమోనని కట్టు కాలితోనే లేచి నిలబడ్డాను. "బాగా పని చేసిందండీ మీ అమ్మాయి. ఇప్పుడు ఆ సీటు గెలవగలిగేదే అని తేలింది కాబట్టి, వచ్చేసారి గట్టి అభ్యర్థిని పెడదామనుకుంటున్నాం" అన్నాడు. విన్నావా! ఓడే సీటైతే నా కూతురు, గెలిచే సీటైతే గట్టివాడు! నాకు చెవుడని తెలిసి కాస్త గట్టిగానే చెప్పాడు పాపం. నేను వినపడనట్టు మూడుసార్లు చెప్పించాను, ఎక్కడైనా సిగ్గేస్తుందేమోనని. వెయ్యలేదు.

పిడుగే అంది, "పెట్టుకోండి సార్. వాళ్ళనీ స్తంభాల దగ్గరికొచ్చి అడగమనండి. నేనూ అక్కడే నిలబడి ఉంటాను, మీ టికెట్ ఉన్నా లేకపోయినా." ఆయన కాఫీ తాగకుండానే వెళ్ళాడు.

మనవడుగారు ఇంజనీర్లని వెంటబెట్టుకుని మీ స్తంభాల దగ్గరికొచ్చాడని పిడుగు చెప్పింది. కొలతలు తీసుకుంటున్నారట. తాళ్ళ మీది బట్టలు తియ్యమని నిన్ను బతిమాలాట్ట కదా! కొలతలకే పొంగిపోకు. వంతెన మీద నువ్వు నడిచిన రోజున నాకు రాయి.

వచ్చే వారం కట్టు విప్పుతారు. విప్పగానే బ్రష్షులు తీసుకుని వస్తాను. నువ్వు కడిగిన గోడ మీద నాకు కాస్త చోటిస్తావా? నేను అడిగి రాసేవాణ్ణి. "ఓటేసినవాళ్ళకి ధన్యవాదాలు" అని రాస్తాను. ఓడిపోయినవాళ్ళ తరఫున ధన్యవాదాలు రాయడం ఇంతవరకు ఏ పెయింటరూ చేసి ఉండడు. సున్నం పుయ్యను.

ఇక నువ్వు ఎవరెవరికి చెప్పాలో రాసుకో. ఒక్కరు తప్పినా ఊరుకోను. నడిపి తమ్ముడికి, వాడి భార్యకి విడివిడిగా చెప్పు, వాళ్ళిద్దరికీ మాటల్లేవు. మేనమామ కొడుకులు ముగ్గురికీ. పిడుగు చదువుకునే రోజుల్లో మా ఇంట్లో ఉన్న చిన్న వదినకి. మీ మరిదికి, ఆయన వియ్యంకుడికి కూడా, ఆయన గట్టుమీద ఉంటాడు, పాతవాళ్ళకే వేసి ఉంటాడు, అయినా చెప్పు. పళ్ళ డాక్టరు బంధువు కాడు గానీ ఆయనకీ చెప్పు, ఆయన వీపు మీదే కదా మన పేరు రాసుకున్నాం. పెద్ద బావకి నువ్వు చెప్పకు, ఆ నవ్వు ఎదురుగా కూర్చుని చూడాలని ఉంది, నేనే వెళ్తాను.

ఆఖరికి పిన్నికి. ఆవిడ చెవులు నా చెవులకంటే అన్యాయం, నువ్వు అరవక తప్పదు. "ఓడిపోయింది" అన్నది చెవి దగ్గరకెళ్ళి మెల్లగా చెప్పు. "డిపాజిట్ దక్కింది" అన్నది మాత్రం వీధిలోకొచ్చి అరిచి చెప్పు.

నీ అన్నయ్య